ఎగుడుదిగుడుగా కనిపించే గోడ

ప్రశ్న: ఆరుగురం కలిసి చిన్న స్వతంత్ర గ్యాలరీలో గ్రూప్ షో పెడుతున్నాం. ఫ్రేములు తలో సైజు. వేలాడదీస్తే గోడంతా ఎగుడుదిగుడుగా ఉంది, అద్దాలపై లైటు మెరుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: పై అంచులు కాదు, ఫ్రేముల మధ్యబిందువులు కలపండి. నేల నుంచి 150 సెం.మీ. ఎత్తున దారం కట్టండి. మేకు ఎత్తు కోసం 150కి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, వెనక తీగ పై అంచుకు ఎంత దిగువన ఉందో అంత తీసేయండి. 80 సెం.మీ. ఎత్తున్న ఫ్రేముకు తీగ 8 సెం.మీ. దిగువనుంటే మేకు 182 దగ్గర పడుతుంది. తీగను వేలితో పైకి బిగలాగి కొలవండి. వదులుగా కొలిస్తే బొమ్మ అనుకున్నదానికన్నా కిందికి దిగుతుంది, అందరూ తప్పేది ఇక్కడే. వెడల్పాటి ఫ్రేముకు రెండు మేకులు కొట్టండి, ఒరగదు.

స్పాట్‌లైటును నిలువుకు 30 డిగ్రీలు వంచండి. అప్పటికీ మెరుస్తుంటే ఎదుటి కిటికీ చూడండి, దానికి తెరే మందు. కాగితంపై వేసిన బొమ్మలకు 50 లక్స్ (వెలుతురుకు కొలమానం) చాలు. పేరు చీటీలు చివర్లో అంటించండి.