టెక్ సందేహాలు: ఉచిత ఆఫీస్ సూట్‌కు మారవచ్చు, మాక్రో తాళం మాత్రం తీయవద్దు

ప్రశ్న: నా ఆఫీస్ సూట్ చందా గడువు ముగిసింది. ఉత్తరాలు, బిల్లులు, చిన్నపాటి లెక్కల పట్టికలు తప్ప నాకు వేరే పని ఉండదు. ఉచిత సూట్ లిబ్రేఆఫీస్ వేసుకున్నాను గానీ పాత ఉత్తరాల్లో పేజీలు చెదిరిపోతున్నాయి, పట్టికల్లోని మాక్రోలు (ఫైలులోనే ఉండే చిన్న ప్రోగ్రాంలు) నడవడం లేదు. మాక్రో సెక్యూరిటీని ‘లో’ (Low) స్థాయికి మారిస్తే సరిపోతుందని మిత్రుడొకరు చెప్పారు. మార్చవచ్చా, లేక మళ్లీ చందా కట్టాలా?

జవాబు: మార్చవద్దు. ఇదే సందేహం వేర్వేరు మాటల్లో నాకు తరచుగా వస్తూనే ఉంది, దాని వెంట ఇదే సలహా ఇచ్చే మిత్రుడూ ఉంటూనే ఉన్నాడు.

మొదట పేజీల సంగతి. వర్డ్‌లో 2007 నుంచి చాలా ఏళ్లపాటు కాలిబ్రి డిఫాల్ట్ ఫాంటుగా ఉంది. లిబ్రేఆఫీస్ దాని స్థానంలో అక్షరాల వెడల్పు అంతే ఉండే కార్లిటోను వాడుకుంటుంది కాబట్టి కాలిబ్రిలో రాసిన ఉత్తరం సాధారణంగా చెదరదు. అయినా చెదిరిందంటే, ఆ ఉత్తరంలో మీ కంప్యూటర్‌లో లేని మరో ఫాంటైనా ఉండాలి, లేదా రాసినవారు సంతకాన్ని కుడివైపునకు జరపడానికి స్పేస్‌బార్‌ను ముప్పై నలభై సార్లు నొక్కి ఉండాలి. రెండోదే ఎక్కువగా చూస్తుంటాను. అలాంటి ఉత్తరంలో ఒక్క పదం పెరిగినా సంతకం తరువాతి పేజీలోకి జారిపోతుంది, నింద మాత్రం సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. కుడివైపు అలైన్‌మెంట్ బటన్ ఏ సూట్‌లోనైనా ఉంటుంది. ఇక ఎవరూ దిద్దనక్కరలేని ఉత్తరమైతే పీడీఎఫ్‌గా పంపండి, ఈ బాధే ఉండదు.

మీరు చెప్పిన పనికి ఉచిత సూట్ చాలు. అయితే ఒకే పట్టికను నలుగురు ఒకేసారి దిద్దవలసి వస్తే బ్రౌజర్‌లో నడిచే గూగుల్ షీట్స్ వంటివి మేలు. అవతలివారు రోజూ మార్పుల గుర్తులతో వర్డ్ (.docx) ఫైళ్లు పంపుతూ, మీరు దిద్ది తిరిగి పంపాలని ఆశిస్తుంటే మాత్రం, వారు వాడే సూట్‌నే మీరూ వాడటం తలనొప్పిని తగ్గిస్తుంది, ఎందుకంటే ఒక ఫైలు రెండు సూట్‌ల మధ్య పదిసార్లు తిరిగితే ఎక్కడో ఒకచోట టేబుల్ గీతో, నంబరింగో దెబ్బతింటుంది. ఎవరెవరితో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకుంటారన్నదే ఇక్కడ అసలు లెక్క. ఫీచర్ల జాబితాలను పక్కపక్కన పెట్టి పోల్చడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. మాక్రో అంటే పత్రంలో దాగి ఉన్న ప్రోగ్రాం. ఫైలు తెరవగానే దానంతట అదే నడవగలదు, ఫైళ్లను చెరపగలదు, ఇంటర్నెట్ నుంచి మరో ప్రోగ్రాంను దింపుకోగలదు. 1999 మార్చిలో మెలిస్సా అనే మాక్రో వైరస్ ఒక వర్డ్ పత్రంలో కూర్చుని వచ్చి, తెరిచినవారి అడ్రస్ బుక్‌లోని మొదటి 50 చిరునామాలకు తనను తాను ఈమెయిల్ చేసుకుంటూ పాకిపోయింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్‌లో డిఫాల్ట్‌గా అడ్డుకోవడం మొదలుపెట్టింది 2022లో. అంతకుముందు చాలా ఏళ్లపాటు వాడుకరులను కాపాడింది పత్రం పైభాగాన కనిపించే ఒక సన్నని పసుపు పట్టీ. హెచ్చరికను, దాన్ని తోసిపుచ్చే బటన్‌ను ఒకే వరుసలో పక్కపక్కన పెట్టి, ఆ మాక్రో ఏం చేయబోతోందో ఒక్క ముక్కయినా చెప్పకుండా, నొక్కుతారా మానతారా అని అడగడాన్ని నేను భద్రత అనలేను. మోసగాళ్లకు ఇది బాగా తెలుసు. మసకబారిన బిల్లు బొమ్మ ఒకటి పెట్టి, ‘ఈ పత్రం రక్షితం, చూడాలంటే పై బటన్ నొక్కండి’ అని ఫైలులోనే రాస్తారు. బిల్లు చూడాలన్న తొందరలో జనం నొక్కుతారు.

లిబ్రేఆఫీస్‌లో మాక్రో భద్రతకు నాలుగు స్థాయులున్నాయి, డిఫాల్ట్‌గా ఉండేది ‘హై’. ‘లో’ పెడితే ఆ పసుపు పట్టీ పాటి ప్రశ్న కూడా ఎదురుకాదు, వచ్చిన ప్రతి మాక్రో మిమ్మల్ని అడగకుండానే నడుస్తుంది. పైగా మీ ఇబ్బంది దానితో తీరుతుందన్న హామీ లేదు, ఎక్సెల్ కోసం మైక్రోసాఫ్ట్ మాక్రో భాష వీబీఏలో రాసిన మాక్రోలు లిబ్రేఆఫీస్‌లో కొన్ని నడుస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి.

కాబట్టి ముందు ఆ మాక్రోలు ఏం చేస్తున్నాయో చూడండి. టూల్స్ మెనూలోని మాక్రోస్‌లోకి వెళ్లి, నడపకుండానే వాటిని చదవవచ్చు. బిల్లుల ఫైళ్లలో అవి తరచుగా కూడికలు, పన్ను లెక్కలే అయి ఉంటాయి. వాటికి సమ్ (SUM), ఇఫ్ (IF), వీలుకప్ (VLOOKUP) వంటి ఫార్ములాలు సరిపోతాయి, ఏ సూట్‌లోనైనా పనిచేస్తాయి. మాక్రో తప్పనిసరి అయిన ఫైళ్లు ఒకటి రెండు మిగిలితే, మీరు స్వయంగా తయారుచేసిన వాటిని మాత్రమే ఒక ప్రత్యేక ఫోల్డర్‌లో ఉంచి, మాక్రో సెక్యూరిటీలోని ట్రస్టెడ్ సోర్సెస్‌లో ఆ ఒక్క ఫోల్డర్‌ను చేర్చండి. స్థాయి ‘హై’లోనే ఉంటుంది, మీ ఫైళ్లకు దారి తెరుచుకుంటుంది. అక్కడ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను చేర్చారంటే మాత్రం మీ మిత్రుడి సలహా పాటించినట్టే.