వయసు పెరిగితే వీడియో గేముల్లో చెయ్యి నెమ్మదిస్తుందా?

నెమ్మదిస్తుంది, అదీ చాలామంది అనుకునేదానికంటే ముందే, ఇరవైల మధ్యలోనే మొదలవుతుంది. కానీ ఆట పాడవ్వాలని లేదు, ఆడే తీరు మారుతుంది. తెర మీద కనబడిందేమిటో పోల్చుకుని, ఏం చెయ్యాలో తేల్చుకుని, వేలిని కదిలించడానికి మెదడు తీసుకునే సమయం ఏటా రవ్వంత పెరుగుతుంది. మామూలు పనుల్లో అది తెలియదు. సెకనులో పదో వంతులో గెలుపోటములు తేలిపోయే ఆటలోనే బయటపడుతుంది.

క్షణక్షణం సైన్యాలను నడిపించాల్సిన కంప్యూటర్ ఆట స్టార్‌క్రాఫ్ట్ 2 సంగతే చూడండి. 16 నుంచి 44 ఏళ్ళ ఆటగాళ్ళు 3,305 మంది ఆటల రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. తెర మీద కొత్త చోటికి వెళ్ళాక మొదటి కదలికకు పట్టే సమయం 24 ఏళ్ళు దాటినప్పటి నుంచి పెరుగుతూ వచ్చింది. పెద్దవాళ్ళు ఊరికే ఓడిపోలేదు లెండి: సులువైన ఎత్తుగడలు ఎంచుకుని, ఆటలోని సదుపాయాలను మరింత సమర్థంగా వాడుకుని ఆ లోటు పూడ్చుకున్నారు.

బాగా ఆడేవాళ్ళకు ఈ నెమ్మది రాదనుకోవడం పొరపాటు. ఆరితేరినవాళ్ళలోనూ అది కనబడింది. అలాగని ముప్పై ఐదేళ్ళాయన ఓడిన ప్రతిసారీ నేరం వయసుది కాదు. ఆఫీసు, పిల్లలు పోగా రాత్రి పదకొండింటికి దొరికే అరగంట ప్రాక్టీసుది కూడా.