గుడ్లు వేయించే అవ్వ బొమ్మ దించితే బీఎఫ్‌ఏ సీటొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) చేస్తానంటోంది. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ‘గుడ్లు వేయిస్తున్న ముసలమ్మ’ చిత్రాన్ని నెలల తరబడి ఆయిల్ రంగుల్లో కాపీ చేస్తోంది. ఒకరి బొమ్మ దించితే ఏమొస్తుంది? ఎంట్రన్స్‌కైనా పనికొస్తుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ఎంట్రన్స్‌కైతే పెద్దగా పనికిరాదండీ. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో బీఎఫ్‌ఏ సీటుకు రాయాల్సింది ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష. అందులో ఇచ్చిన టైములో బొమ్మ పూర్తి చేసే చెయ్యి కావాలి. ఆయిల్ రంగులు ఆరడానికే రోజులు పడుతుంది. కాబట్టి పరీక్ష అయ్యేదాకా రోజూ పెన్సిల్‌తో స్కెచింగే చేయమనండి. ఆయిల్ పని ఆదివారాలకు పెట్టుకోవచ్చు.

అలాగని మాన్పించకండి. వెలాస్కెజ్ 1618లో సెవిల్‌లో ఈ చిత్రం వేసేనాటికి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లవాడు. మట్టి మూకుడు, ఇత్తడి రోలు, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి... మన వంటింట్లో ఉండేవే. ఒక్కో వస్తువు మీద వెలుగు ఒక్కోలా పడటాన్ని ఆ కుర్రాడు పట్టుకున్నాడు. అది కళ్లతో చూస్తే తెలిసేది కాదు, రంగు కలిపితేనే తెలుస్తుంది.

అయితే మొత్తం చిత్రం వద్దు. అసలుది మీటరు ఎత్తు, మీటరు ఇరవై దాకా వెడల్పు. అంత కాన్వాస్ మీద మొహాల దగ్గరే పిల్లలు డీలా పడిపోతారు. కుడివైపు తెల్లగిన్నె, దానిమీద అడ్డంగా పెట్టిన కత్తి, అంతవరకు తీసుకోమనండి. కత్తి తిన్నగానే ఉంటుంది, దాని నీడ మాత్రం గిన్నె లోపలి వంపు వెంట ఒంగుతుంది. ఆ నీడ కుదిరితే గిన్నెకు లోతు వచ్చినట్టే. ట్యూబులోని తెలుపు ఉన్నదున్నట్టు పెడితే గిన్నె సున్నం కొట్టినట్టుంటుంది. అందులో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), కాస్త ఐవరీ బ్లాక్ (నలుపు) కలవాలి.

ముందు బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు పల్చగా పూసి కాన్వాస్‌ను గోధుమరంగు చేయాలి. ఆరాక వెలుగునీడలు, ఆ పైన రంగులు. కింది పొరల్లో నూనె తక్కువ, పై పొరల్లో ఎక్కువ ఉండాలి. తారుమారైతే తర్వాత పగుళ్లిస్తుంది. అసలు చిత్రం స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఉంది, ఫోన్‌లో చూస్తే పొరలు కనపడవు. హైదరాబాద్ వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ తైలవర్ణ చిత్రాల గది చూపించండి. అక్కడ పక్కనుంచి వంగి చూస్తే రంగు మందం తెలుస్తుంది.

ఇక ఉద్యోగం సంగతి. కాపీలు అమ్ముకుని బతకొచ్చని ఆశపడొద్దు. వెలుగు అర్థమైనవాళ్లకు యానిమేషన్, గేమింగ్‌లలో బ్యాక్‌గ్రౌండ్, లైటింగ్ పనులున్నాయి. పాత చిత్రాల సంరక్షణ మరో దారి. దానికి పీజీ కావాలి, కెమిస్ట్రీ అంటే భయం ఉండకూడదు. ఈ రెండో దారి గురించి మన దగ్గర ఎవరూ చెప్పరు, అందుకే చెబుతున్నా.

పోర్ట్‌ఫోలియోలో (తన బొమ్మలన్నీ చూపించే ఫైలులో) కాపీ ఒక్కటే ఉంచి, ‘వెలాస్కెజ్ చిత్రానికి నకలు’ అని రాయాలి. పక్కనే మీ ఇంటి గిన్నెలు చూసి సొంతంగా వేసినవి నాలుగైదు ఉండాలి. ఎంపిక చేసేవాళ్లు ఎక్కువసేపు చూసేది వాటినే.

రంగు పల్చన చేసే టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవమనండి. రంగుల్లో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకునే ప్రమాదముంది, నీళ్లలో తడిపి పారేయాలి.