ఊళ్లో డాక్టరు దొరక్కపోతే అమ్మను మాటిమాటికీ ఐసీయూలో చేర్చాల్సిందేనా?

మీ అమ్మగారికి 72 ఏళ్లు, షుగరు, బీపీ, గుండె పంపింగ్ తక్కువ; పీహెచ్‌సీలో డాక్టరు ఎప్పుడుంటారో తెలీదు; ఆర్నెల్లకోసారి ఆయాసమొచ్చి 108 ఎక్కించాల్సి వస్తోంది, దారేమిటని అడిగారు. మా అత్తయ్యదీ ఇదే పరిస్థితి. మాది ప్రకాశం జిల్లాలో ఓ పల్లె.

ఆ ఆయాసం రాత్రికి రాత్రి వచ్చేది కాదండీ. అత్తయ్యకి ముందు సాయంత్రాలు చెప్పులు బిగుతయ్యేవి. తర్వాత రెండు దిండ్లుంటే గానీ పడుకోలేకపోయేది. ఆ తర్వాతే అర్ధరాత్రి లేచి కూర్చోవడం. ఈలోగా ఎవరైనా కాళ్లు నొక్కి వాపు చూసి, ఒంట్లో చేరిన నీరు పోయే బిళ్ల సరిచేస్తే సరిపోయేది. ఆ చూసే మనిషే ఊళ్లో లేడు. మైదాన ప్రాంతంలో 30,000 మందికి ఒక పీహెచ్‌సీ అని లెక్క, ఉన్న ఒక్క డాక్టరూ మీటింగుకో క్యాంపుకో వెళ్తే ఓపీ నర్సమ్మదే.

ఆ ఖాళీలోకి ఆర్‌ఎంపీ వస్తాడు. పిలిస్తే పలికేది ఆయనే, కాదనను. కానీ మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది, నీరసానికి సెలైన్, ఈ రెండూ గుండె బలహీనమైనవాళ్లకి ముప్పే. ఆ సూది ఒంట్లో నీరు నిలవబెడుతుంది, కిడ్నీలని దెబ్బ తీస్తుంది. సెలైనైతే నేరుగా ఉప్పునీరు ఎక్కించడమే. మా ఇంట్లో ఆ రెండూ మాన్పించాకే ఆస్పత్రి చుట్టూ తిరగడం తగ్గింది. మొహమాటపడకుండా ఆయనకి ముందే చెప్పిపెట్టండి.

కార్డు ఉందిగా అంటారేమో. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ కింద ఏడాదికి 5 లక్షల దాకా ఉంది. అదంతా ఆస్పత్రిలో చేరాక పనికొచ్చే డబ్బు. చేరాల్సిన పని లేకుండా చేసే నెలవారీ బిళ్లలకి మన జేబే. పీహెచ్‌సీలో బీపీ, షుగరు బిళ్లలు ఉచితమే, అయిపోయినప్పుడు మాత్రం జన ఔషధి కొట్టు చూసుకోవాలి. మందు ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఇప్పుడు మేం చేసేది చెబుతాను. పొద్దున్నే కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి నోటుబుక్కులో రాస్తాం. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే విలేజ్ క్లినిక్‌కి వెళ్తాం. అక్కడుండే ఎంఎల్‌హెచ్‌పీ (నర్సింగ్ చదివిన ఆరోగ్య ఉద్యోగి) అమ్మాయి బీపీ చూసి, ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవలో డాక్టరుకి వీడియో కలుపుతుంది. నోటుబుక్కు ముందుంటే ఆ డాక్టరు కూడా శ్రద్ధగా వింటారు. ఊరూరా తిరిగే 104 వైద్య బండి ఏ రోజు వస్తుందో ఆశా కార్యకర్తని అడిగి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయించాలో గుండె డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. ఇక ఉప్పు తగ్గించాలి కదా, ఆవకాయ దగ్గర మాత్రం రోజూ యుద్ధమే.

జ్వరమొచ్చి అన్నం తిననప్పుడు గ్లిమిపిరైడ్ లాంటి షుగరు బిళ్ల వేయాలా వద్దా అన్నదీ ముందే అడిగి ఉంచుకోండి. పెద్దవాళ్లు షుగరు పడిపోయి స్పృహ తప్పేది ఎక్కువగా అలాంటప్పుడే.

పడుకోలేనంత ఆయాసం, గుండెనొప్పి, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే వీడియోలూ క్లినిక్కులూ వద్దు, వెంటనే 108. పాత ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ ఒకే కవర్లో పెట్టి తలుపు దగ్గర తగిలించండి. అవి లేకపోతే క్యాజువాల్టీలో పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచీ చేస్తారు.