ముందు ఆ రైబోజోమ్ పనిచేస్తోందో లేదో చూడమ్మా

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మూడు నెలలుగా కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములోని చిన్న భాగం 30ఎస్ మీద, అమైనో ఆమ్లాల్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ అతికే ప్రయోగం చేస్తున్నాననీ, ఒక వారం వచ్చిన అంకె మరో వారం రావడం లేదనీ, తప్పు నా చేతుల్లోనే ఉందేమోనని నిద్ర పట్టడం లేదనీ రాశావు. టెన్షన్ పడకు. నువ్వు పంపిన నోట్‌బుక్ పేజీలు రెండుసార్లు చూశాను. ఒకే ట్యూబు నుంచి తీసిన మూడు శాంపిళ్లూ ఎప్పుడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. నీ పిపెటింగ్‌లో లోపం ఉంటే అలా రావు. అంకె మారుతున్నది ప్రెప్, అంటే ఒక విడతగా కణాల నుంచి తీసి సిద్ధం చేసిన రైబోజోములు, మారినప్పుడల్లా. కాబట్టి అనుమానించాల్సింది నీ చేతుల్ని కాదు, ఆ ట్యూబులో ఉన్న 30ఎస్‌ని.

రైబోజోములోని రెండు సబ్‌యూనిట్లు (చిన్నది 30ఎస్, పెద్దది 50ఎస్) విడిపోవడానికి నువ్వు మెగ్నీషియాన్ని 1 మిల్లీమోలార్‌కి దించావు. అది తప్పదు, 10 దగ్గర ఉంచితే చాలావరకు 70ఎస్‌గానే, అంటే పూర్తి రైబోజోముగానే, కలిసి ఉంటాయి. కానీ మెగ్నీషియం తగ్గినప్పుడు 30ఎస్ తన పని మరిచిపోతుంది. పైకి ఏమీ తెలియదు. గ్రేడియంట్‌లో (పరిమాణాన్ని బట్టి భాగాల్ని విడదీసే ద్రావణంలో) దాని శిఖరం దాని చోటే వస్తుంది, ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో చెప్పే 260 నానోమీటర్ల కాంతి రీడింగు చక్కగా ఉంటుంది, జెల్‌లో 30ఎస్ తాలూకు 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. టీఆర్‌ఎన్‌ఏని మాత్రం పట్టుకోదు. ఆడా జమీర్, ఆమె సహచరులు 1971 నాటికే దీన్ని వివరంగా చూపించారు. మెగ్నీషియమూ అమ్మోనియమూ సరిపడా ఇచ్చి కాసేపు వెచ్చబెడితే ఆ శక్తి తిరిగి వస్తుంది. నీ పేజీల్లో ఆ మెట్టు ఒక్క ప్రెప్‌లోనే ఉంది, మిగతావాటిలో లేదు. ఈసారి ప్రతి ప్రెప్‌నీ, ప్రయోగానికి ముందు, 20 మిల్లీమోలార్ మెగ్నీషియంలో 40 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఉంచు. ఆ తర్వాతే మెగ్నీషియాన్ని నీకు కావలసిన స్థాయికి తెచ్చుకో.

ఇంకో మాట. 30ఎస్ ఒక ఏ260 యూనిట్ (ఆ 260 రీడింగుతో కొలిచే ప్రమాణం) అంటే సుమారు 70 పికోమోల్స్ అని లెక్క కట్టి వేస్తున్నావు. ఆ లెక్క ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో చెబుతుంది, పనిచేసే రైబోజోములు ఎన్ని ఉన్నాయో చెప్పదు. నీకు 50 శాతం అతికిందనుకో. అన్ని రైబోజోములూ సగం బలంతో పట్టుకున్నాయా, సగం గట్టిగా పట్టుకుని మిగతా సగం అసలు పట్టుకోలేదా? ఒక్క బిందువుతో ఇది తేలదు. టీఆర్‌ఎన్‌ఏని పెంచుకుంటూ పో. గీత ఎక్కడ చదునవుతుందో చూడు. ఎంత పోసినా సగం దగ్గరే ఆగిపోతే, నీ ట్యూబులో సగం పనికిరానివే. నేను ఈ పని చేయకుండానే ఒక ఏడాది గీతలు గీశాను. ఆ గీతల్లో ఒక్కటీ పనికిరాలేదు, ఆ ఏడాది పోయినందుకు ఇప్పటికీ బాధే.

ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏజ్ గురించి నీకు తెలుసు కాబట్టి ఎక్కువ రాయను. ఆటోక్లేవ్ చేస్తే అది పోతుందని నమ్మకు. ఆర్‌ఎన్‌ఏజ్‌ని పనిచేయకుండా చేసే డీఈపీసీని ట్రిస్ బఫర్‌లో నేరుగా కలపకు, ట్రిస్ దాన్ని తినేస్తుంది, ముందు నీళ్లకి డీఈపీసీ పట్టించి, ఆటోక్లేవ్ చేసి, అందులో ట్రిస్ కలుపు. కణాలు పెంచడానికి ఈ-కోలి బాక్టీరియాలో ఎంఆర్‌ఈ600 అనే రకం దొరికితే అదే వాడు, దానిలో ఆర్‌ఎన్‌ఏజ్-1 దాదాపు ఉండదు. కరిగించిన రైబోజోముల్ని మళ్లీ గడ్డకట్టించకు. చిన్న చిన్న భాగాలుగా ద్రవ నత్రజనిలో ముంచి దాచుకో.

హ్యారీ నోలర్ 1972లో చేసిన పనిని ఒకసారి మళ్లీ చదవమని నీకు చెప్పాలనుకున్నాను. అప్పట్లో అసలు పని ప్రోటీన్లదే, ఆర్‌ఎన్‌ఏ వాటిని నిలబెట్టే చట్రం మాత్రమే అని చాలామంది నమ్మేవారు. ఆయన కీథాక్సాల్ అనే రసాయనంతో 30ఎస్‌లోని గ్వానిన్లను (ఆర్‌ఎన్‌ఏలోని నాలుగు బేస్‌లలో ఒకటి) మారిస్తే టీఆర్‌ఎన్‌ఏ అతకడం ఆగిపోయింది. అక్కడితో రాసేయొచ్చు. కానీ టీఆర్‌ఎన్‌ఏ ముందే అతికి ఉంటే ఆ దెబ్బ తగలదని చూపించారు. తర్వాత 30ఎస్‌ని ఆర్‌ఎన్‌ఏగా, ప్రోటీన్లుగా విడదీసి మళ్లీ కూర్చి, చెడింది ప్రోటీన్లు కాదు, 16ఎస్ ఆర్‌ఎన్‌ఏనే అని తేల్చారు. అలా విడదీసి కూర్చే పద్ధతి నొమురా ప్రయోగశాల 1968లో ఇచ్చింది. నోలరే ఇరవై ఏళ్ల తర్వాత, 1992లో, థర్మస్ ఆక్వాటికస్ అనే బాక్టీరియా రైబోజోముల నుంచి ప్రోటీన్లను ఫీనాల్‌తో, ప్రోటీనేజ్‌తో తీసేసినా అమైనో ఆమ్లాల్ని కలిపే పెప్టైడ్ బంధం కట్టే గుణం నిలిచి ఉందని చూపించారు. అయినా కొన్ని ప్రోటీన్లు ఇంకా మిగిలాయని ఆయనే స్పష్టంగా రాశారు. నాకు ఆయన మీద గౌరవం అందుకే. 2000లో స్టైట్జ్, మూర్ బృందాల 50ఎస్ చిత్రం 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వచ్చాక, బంధం కట్టే చోటికి సుమారు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ప్రోటీన్ లేదని తేలింది.

అదే ఏడాది 50ఎస్ తాలూకు 23ఎస్ ఆర్‌ఎన్‌ఏలోని ఏ2451 అనే బేస్ స్వయంగా రసాయన చర్య నడుపుతుందని ప్రతిపాదన వచ్చింది. తర్వాత దాన్ని మార్చి చూస్తే, టీఆర్‌ఎన్‌ఏ కొసను పోలిన చిన్న అణువు ప్యూరోమైసిన్‌తో వేగం బాగా పడిపోయింది కానీ, పూర్తి అమైనో ఆమ్ల టీఆర్‌ఎన్‌ఏతో దాదాపు పడలేదు. చర్యకి ఏం ఇస్తున్నావో దాన్నిబట్టి జవాబు మారిపోతుందమ్మా. నువ్వు కూడా 16ఎస్‌లో మార్పులు చేయబోతున్నావు. ఈ-కోలిలో ఆర్‌ఆర్‌ఎన్‌ఏ (రైబోజోము ఆర్‌ఎన్‌ఏ) జన్యు సముదాయాలు ఏడు ఉన్నాయి. ప్లాస్మిడ్ (కణంలోకి పంపే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద మార్చినది పెడితే మామూలువీ మార్చినవీ కలిసే వస్తాయి. అప్పుడు నీ 50 శాతం ఎవరిదో మళ్లీ తెలియదు. మార్చినవాటికి ఎంఎస్2 ట్యాగ్ (పట్టుకుని లాగడానికి ఆర్‌ఎన్‌ఏకి తగిలించే గుర్తు) పెట్టి వేరుచేయడం ఇప్పుడే నేర్చుకో, తర్వాత అనుకోకు.

ముందు మూడు కొత్త ప్రెప్‌లు చెయ్యి. వెచ్చబెట్టినవీ వెచ్చబెట్టనివీ పక్కపక్కన పెట్టి, గీత చదునయ్యే స్థాయి ఆరింటికీ రాసి నాకు పంపు. 16ఎస్‌ని మార్చిన మ్యూటెంట్ల సంగతి ఆ అంకెలు చూశాక మాట్లాడుకుందాం. ఈ వారం రాత్రిళ్లు ల్యాబ్‌లో ఉండకు, ఇంటికెళ్లి పడుకో.

నీ
పెద్దమ్మ