గ్రామర్ తప్పుల్లేవు, అయినా అర్థం కావట్లేదంటున్నారు. ఒకాబులరీ బట్టీ పట్టాలా?

గుంటూరులో డిగ్రీ ఫైనలియర్ అన్నారు. ఇంగ్లీషులో అర్జీ రాసినా మెయిల్ రాసినా "ఏం చెప్తున్నావో తెలియట్లేదు" అంటున్నారని, ఒకాబులరీ పుస్తకం కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. చాలామందికి మాటలు చాలక కాదు, తెలుగు వాక్యం అచ్చంగా అలాగే ఇంగ్లీషులోకి దిగిపోవడం వల్ల తంటా వస్తుంది.

ఈ వాక్యం చూడండి: "నిన్న కాలేజీకి వచ్చి, ఫీజు కట్టి, రసీదు తీసుకుని, ఆఫీసులో చూపిస్తే హాల్‌టికెట్ ఇవ్వలేదు." చివర "ఇవ్వలేదు" అని వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఒక్కటే ఉంది, తెలుగులో అంతే చాలు. ఇది ఇంగ్లీషులో "ఐ కేమ్ టు కాలేజ్ అండ్ పెయిడ్ అండ్ టేకింగ్ రిసీట్, ఇఫ్ ఐ షోడ్ ఇన్ ఆఫీస్, హాల్‌టికెట్ నాట్ గివెన్" అయి కూర్చుంటుంది. వచ్చి, కట్టి, తీసుకుని అనే, వాక్యాన్ని ముగించని అసమాపక క్రియలన్నీ "అండ్"లుగానో "ఇంగ్"లుగానో మారాయి. రాసేముందు వాటి దగ్గరే వాక్యాన్ని తెగ్గొట్టండి. ఆ తర్వాత అవసరం లేనివి తీసేయండి. ఫీజు కట్టారంటే కాలేజీకి వచ్చినట్టే కదా.

ఇక "చూపిస్తే". ఇక్కడ దీనికి "ఇఫ్"తో పనిలేదు. "వెళ్తే లేడు" అన్నప్పుడు షరతేమీ లేదు, జరిగిపోయిన సంగతి. అలాంటి చోట "వెన్" గానీ "బట్" గానీ రావాలి. మన ప్రాంతం పిల్లల రాతల్లో అర్థాన్ని ఎక్కువగా తారుమారు చేసేది ఇదే అనుకుంటాను. చివరిగా, ఇవ్వనిది ఎవరు? తెలుగులో చెప్పకపోయినా నడుస్తుంది, ఇంగ్లీషులో కర్త కావాలి. సరిచేస్తే: "ఐ పెయిడ్ ది ఎగ్జామ్ ఫీ యెస్టర్‌డే. ఐ షోడ్ ద రిసీట్ ఎట్ ది ఆఫీస్, బట్ ద క్లర్క్ డిడ్ నాట్ గివ్ మీ మై హాల్‌టికెట్." ఇందులో మీకు తెలియని మాట ఒక్కటైనా ఉందా?

"నేను చదివిన పుస్తకం", "నేను చదివిన కాలేజీ" రెంటికీ మనకి ఒకే "చదివిన". ఇంగ్లీషులో మొదటిది "ద బుక్ దట్ ఐ రెడ్", రెండోది "ద కాలేజ్ వేర్ ఐ స్టడీడ్". క్రియా మారింది, కలిపే మాటా మారింది.

మాటల ఎంపికలోనూ క్రియ దగ్గరే జారిపోతాం. ఫీజు కడతాం, ఇల్లు కడతాం, గేదెను కడతాం: పే, బిల్డ్, టై. లైటు వేస్తాం, తాళం వేస్తాం, ఓటు వేస్తాం: టర్న్ ఆన్, లాక్, ఓట్. అన్నిటికీ "పుట్" తగిలిస్తే కుదరదు. సంతకం పెట్టడానికి "సైన్" ఒక్కటే చాలు. అందుకని మాటను ఒంటరిగా రాసుకోవద్దు, నామవాచకంతో జతగా రాసుకోండి: "పే ద ఫీ", "లాక్ ద డోర్". ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు అర్థం చెప్తుంది గానీ ఈ జతల్ని అన్నిసార్లూ చూపించదు. నేర్చుకునేవాళ్ల కోసం వేసిన లాంగ్‌మన్ లాంటిది కావాలి. దాంట్లో అర్థాలన్నీ దాదాపు 2000 తేలిక మాటల్లోనే ఉంటాయి, కింద ఉదాహరణ వాక్యాలూ ఉంటాయి. విజయవాడ వెళ్తే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకండి, పాత ఎడిషనైనా పర్లేదు. "యుటిలైజ్", "కమెన్స్" లాంటివి బరువే తప్ప అర్థాన్ని పెంచవు. "యూజ్", "స్టార్ట్" చాలు. "డిస్కస్ అబౌట్", "రిటర్న్ బ్యాక్"లలో రెండో మాట కొట్టేయండి. ఏడాది చెప్పేటప్పుడు "హ్యావ్ కంప్లీటెడ్ ఇన్ 2023" అనకండి, "కంప్లీటెడ్ ఇన్ 2023" అనండి.

సాధనకి రోజూ 20 నిమిషాలు పెట్టుకోండి. ఇంగ్లీషు పేపర్లో లోకల్ వార్త ఒకటి తీసి, 5 వాక్యాలు తెలుగులో రాసుకోండి. మర్నాడు అసలు వార్త చూడకుండా వాటిని మళ్లీ ఇంగ్లీషులో రాసి, పక్కపక్కన పెట్టండి. తేడా వచ్చిన క్రియల కింద గీత గీయండి. వారం తిరిగేసరికి ఏ తప్పు మళ్లీ మళ్లీ వస్తోందో మీకే కనపడుతుంది, ముందు దాన్నే పట్టుకోండి. "ఎ", "ద"లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

దిద్దే యాప్‌లు వాడొచ్చు, కానీ వాక్యాలు తెగ్గొట్టాకే. హాల్‌టికెట్ ఇవ్వనిది క్లర్కో ప్రిన్సిపాలో యాప్‌కి తెలియదు, తోచిన పేరు పెట్టేస్తుంది.