మూడు ఆఫర్లు ముందేసుకుని కూర్చున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్ను మూడు కంపెనీలు రమ్మన్నాయని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంబరం దాగలేదు, నాకూ సంబరమే. ఆ వెంటనే, పెద్ద అంకె చూపించిన మూడోదానివైపే నువ్వు మొగ్గుతున్నావన్నాడు. అప్పటినుంచి మనసు మనసులో లేదు.

టైముకి వెళ్ళు, నీటుగా వెళ్ళు, మాట్లాడేదానికంటే ఎక్కువ విను. ఇవి నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

మూడింటికీ సేల్స్ అనే పేరు పెట్టారు గానీ ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. షోరూమ్‌లో కొనేవాడు తనంతట తానే వస్తాడు, గంటలో సంగతి తేలిపోతుంది. ఎంతమంది వస్తారన్నది నీ చేతిలో లేదు, వచ్చినవాళ్ళలో ఎందరు బిల్లు చేయించుకుని వెళ్ళారన్నదే నీ పనితనం. అక్కడ ముందుగా అడగాల్సింది ఇది: నిన్న నేను గంటసేపు అన్నీ తీసి చూపించిన మనిషి ఇవాళ నా సెలవు రోజున వచ్చి కొంటే ఇన్సెంటివ్ ఎవరికి? బిల్లు కొట్టినవాళ్ళకే అన్నారంటే తోటివాళ్ళతో రోజూ తగాదాయే. టీమంతా పంచుకుంటారంటే కొంత నయం, కాకపోతే పనిచేసేవాళ్ళ కష్టం పనిచేయనివాళ్ళూ తింటారు.

రెండోది ఫోన్ ఉద్యోగం. అక్కడ నువ్వు అమ్మవు, అమ్మేవాళ్ళకి మీటింగులు కుదిర్చిపెడతావు. ఇన్సెంటివ్ కుదిర్చిన మీటింగుకా, జరిగిన మీటింగుకా అన్నది కాగితం మీద రాయించుకో. వస్తానన్నవాళ్ళలో కొందరు రారు. వచ్చినా, అవతల అమ్మే మనిషి "ఇతను కొనేవాడు కాదు, దీన్ని లెక్కలో వేయను" అంటాడు. ఎలాంటి కంపెనీ, ఏ హోదా మనిషి అయితే లెక్కలోకి వస్తుందో ముందే తేలకపోతే నెలాఖరున నీ కష్టం సగానికి సగం కొట్టేస్తారు.

ఇక నువ్వు మనసుపడ్డ మూడోది, కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమ్మడం. జీతం లేదు, అంతా కమీషనే. నెలనెలా ఇచ్చేది అడ్వాన్సు, తర్వాత కమీషన్లోంచి పట్టుకుంటారు. దీన్నే రికవరబుల్ డ్రా అంటారు. మీ నాన్న ఈ మాట మామూలుగా చదివి వినిపించాడు గానీ నాకు గుండె గుభేలుమంది. తెలివైనవాళ్ళు కూడా తరతరాలుగా కాలు జారుతున్న చోటు ఇదే.

లెక్క వేసి చూడు. అడ్వాన్సు నెలకి 30 అనుకో, ఒక్కో డీల్‌కి కమీషన్ 60. కంపెనీకి అమ్మడమంటే ఒక్క మనిషిని ఒప్పించడం కాదు. వాడేవాళ్ళకి నచ్చాలి, ఐటీవాళ్ళు సరేననాలి, లాయర్లు చదవాలి, డబ్బు చూసేవాళ్ళు సంతకం పెట్టాలి. మొదటి ఫోన్ నుంచి సంతకం దాకా ఐదు నెలలు పట్టిందనుకో. అప్పటికి నీ పేరున 150 బాకీ. ఆరో నెలలో డీల్ పడింది, 60 వచ్చింది. అందులో 30 నీ చేతికి, మిగతా 30 బాకీకి జమ. ఇంకా 120 ఉంది. ఏడో నెలలో ఏమీ పడకపోతే మళ్ళీ 150. గెలిచి కూడా ఎక్కడున్నావో అక్కడే ఉన్నావు. కస్టమర్ మధ్యలో రద్దు చేసుకుంటే కమీషన్ వెనక్కి తీసుకునే క్లాబ్యాక్ షరతు కూడా ఉందనుకో, ఆ 60 కలిపి 210.

డబ్బు ఒక్కటే అయితే ఇంత చెప్పను. బాకీ నెత్తిమీద ఉన్న మనిషికి ఆగే ఓపిక ఉండదు. పండని డీల్‌ని నెలాఖరుకి కోసెయ్యాలని చూస్తాడు, అడక్కముందే డిస్కౌంట్ ఇస్తాడు. ధర తగ్గితే కమీషనూ తగ్గుతుంది, బాకీ తీరడం ఇంకా ఆలస్యమవుతుంది. కొనేవాడికి ఆ తొందర ఇట్టే తెలిసిపోతుంది, ఇంకాస్త బిగుస్తాడు. పోనీ మానేద్దామంటే, మానేటప్పుడు బాకీ కట్టాలని ఒప్పందంలో ఉండొచ్చు. ఆ వాక్యం ఉందో లేదో రెండుసార్లు వెతుకు.

నాన్-రికవరబుల్ అంటే వేరు. ఆ నెల కమీషన్ చాలకపోతే కంపెనీయే భరిస్తుంది, బాకీ కింద మోపదు. కాగితం మీద ఒక్క ముక్క తేడా, అంతే. దానికైనా గడువు చూడు. డీల్‌కి ఐదు నెలలు పట్టే చోట మూడు నెలలే భరోసా ఇస్తే మిగతా రెండు నెలలు ఎలా గడుపుతావ్?

వాళ్ళు చూపించిన పెద్ద అంకె, టార్గెట్ నూటికి నూరు కొడితే వచ్చేది. అరచేతిలో వైకుంఠం. పోయినేడు టీమ్‌లో ఎందరు టార్గెట్ అందుకున్నారో అడుగు. అందరికంటే పైనున్నవాడి సంగతి వద్దు, వరసలో నడిమధ్యనున్న మనిషికి చేతికెంత వచ్చిందో అడుగు. కమీషన్ సంతకం కాగానే ఇస్తారా, కస్టమర్ డబ్బు కట్టాకా? నాకు ఇచ్చే కస్టమర్లని ఇంతకుముందు చూసినవాళ్ళు ఎందుకు మానేశారు? ఈ చివరి ప్రశ్నకి మేనేజర్ నీళ్ళు నమిలితే నీకు జవాబు దొరికినట్టే.

నన్నడిగితే ఫోన్ ఉద్యోగంలో చేరు. రోజుకి యాభై అరవై ఫోన్లు చేయిస్తారు, ఒక్క వారంలో ఎన్ని రకాల "వద్దు"లు వింటావో. కంపెనీలకి అమ్మేవాళ్ళ పక్కనే కూర్చుని ఏడాదిపాటు వాళ్ళ తంటాలు చూడు. ఆ తర్వాత మూడోదానిలాంటి ఉద్యోగానికి వెళ్తే బేరం ఆడగలవు, జీతం ఇంత ఉండాల్సిందేనని పట్టుబట్టగలవు. చిన్నప్పుడు ఎవరైనా వద్దంటే మూతి ముడుచుకుని మంచం కింద దూరేదానివి. ఇప్పుడు ఆ మాట వినే పనిని వెతుక్కుంటున్నావని తెలిసి నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి.

కోప్పడ్డాననుకోకు. మూడోదాంట్లోనే చేరాలని ఉంటే ఆపను. సంతకం పెట్టేముందు మాత్రం ఆ కమీషన్ పేజీ ఫొటో తీసి నాకు పంపు, అడుగున చిన్నక్షరాలు కూడా పడేట్టు.

నీ పెదనాన్న